ఎక్కడ ఆపామో ఎవరికి తెలియాలి?

వైట్‌ఫీల్డ్‌లో మెట్రో ఎక్కి మెజెస్టిక్ చేరేలోపు, కూర్చోవడానికి చోటు దొరికిందంటే, ఫోన్‌లో నవల ఇరవై ముప్పై పేజీలు సాగుతుంది. రాత్రి పీజీకి వచ్చి ఈ-రీడర్ తెరిస్తే అది పొద్దున ఆపిన వాక్యం దగ్గరే తెరుచుకుంటుంది. శుక్రవారం రాత్రి బస్సులో నెల్లూరు వెళ్ళి, ఇంట్లో ట్యాబ్ తీసినా అదే పేజీ. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ రెండు ఊళ్ళ మధ్య తిరిగే తెలుగువాళ్ళకు ఇది చిన్న సౌకర్యం కాదు. వాళ్ళకు చదువుకునే సమయమే తునకలు తునకలుగా దొరుకుతుంది. అందులో అయిదు నిమిషాలు పేజీ వెతుక్కోవడానికే పోతే, ఆ పూటకు పుస్తకం మూసేయడమే అవుతుంది.

సింక్ అనే ఈ సౌకర్యానికి బదులుగా మన దగ్గరనుంచి ఏం పోతోందన్న మాట వచ్చినప్పుడల్లా రెండే జవాబులు వినిపిస్తాయి. "చదివేది నవలేగా, దాచడానికి ఏముంది" అనేది ఒకటి. "సింక్ మొత్తం ఆపేసుకుంటే గొడవే ఉండదు" అనేది ఇంకొకటి. రెండూ తొందరపాటు మాటలే. సింక్ నడవడానికి నిజంగా కావలసిన సమాచారం ఎంత, సింక్ పేరు చెప్పి పోగుపడే సమాచారం ఎంత అన్నది విడదీసి చూడాలి. ఈ రెంటి మధ్య తేడా చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువ.

కావలసింది చాలా కొంచెం. ఏ పుస్తకం, అందులో ఏ చోటు, ఆ గుర్తు ఎప్పుడు పెట్టింది. ఈ మూడూ తెలిస్తే చాలు. సర్వర్ ఈ మూడింటినీ పలక మీద రాసుకుని, కొత్త గుర్తు రాగానే పాతది తుడిచేస్తే సింక్ పని పూర్తయినట్టే. నిన్న ఎక్కడున్నామో, మొన్న ఎంతసేపు చదివామో దానికి అక్కర్లేదు. పలక బదులు చిట్టా పుస్తకం పెట్టి, వచ్చిన ప్రతి గుర్తునూ కింద కింద రాసుకుంటూ పోతే మాత్రం అది ఒక మనిషి చదువు చరిత్ర అవుతుంది. సింక్‌లో ఉన్న గోప్యత చిక్కంతా ఈ పలకకూ చిట్టాకూ మధ్య ఉంది.

ముందు "ఏ చోటు" అన్న ప్రశ్న సంగతి చూడాలి, ఎందుకంటే అది పైకి కనిపించినంత తేలిక కాదు. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేస్తే 200 పేజీల పుస్తకం 600 పేజీలవుతుంది. కాబట్టి పేజీ నంబరు పనికిరాదు. అమెజాన్ ఈ-రీడర్ కిండిల్ మొదటినుంచీ పేజీ బదులు "లొకేషన్" అనే అంకె వాడింది. ఈపబ్ అనే ఫైల్ రూపంలో వచ్చే పుస్తకాలకు ఒక ప్రమాణం ఉంది: ఎన్నో అధ్యాయం, అందులో ఎన్నో పేరా, ఆ పేరాలో ఎన్నో అక్షరం అని దారి చెప్పినట్టు చెబుతుంది. పుస్తకాన్ని బైట్ల లెక్కన కొలిచే పద్ధతుల్లో తెలుగుకు ఒక ప్రత్యేకత ఉంది. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు చాలు, తెలుగు అక్షర సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు కావాలి. "స్త్రీ" అన్నది మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది ఆరు సంకేతాలు, 18 బైట్లు. బైట్లు లెక్కపెట్టే పద్ధతిలో ఇంగ్లీషు పేజీ కన్నా తెలుగు పేజీకి అంకె చాలా వేగంగా పెరుగుతుంది. జాగ్రత్తగా రాయని యాప్ అయితే గుర్తు సంయుక్తాక్షరం మధ్యలో పడే వీలుంది.

తెలుగు పాఠకులకు ఇంకో అసలు చిక్కుంది. 2016 డిసెంబర్‌లో అమెజాన్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలను కిండిల్‌లోకి తెచ్చింది. ఆ అయిదింటిలో తెలుగు లేదు. అందుకే తెలుగు చదివేవాళ్ళ పరికరాల్లో దుకాణంలో కొన్న పుస్తకాలకన్నా బయటినుంచి తెచ్చుకున్న ఫైళ్ళే ఎక్కువగా కనిపిస్తాయి. ముఖ్యంగా ఆర్కైవ్ సైట్లలో దొరికే పాత పుస్తకాల స్కాన్ పీడీఎఫ్‌లు. ఇలాంటి ఫైల్‌ను కేబుల్‌తో ఈ-రీడర్‌లోకి ఎక్కిస్తే మామూలుగా సింక్ జరగదు. సింక్ కావాలంటే ఫైల్‌ను కంపెనీ క్లౌడ్‌కు పంపాలి. కిండిల్‌కు ఈమెయిల్ ద్వారా పంపినా, గూగుల్ ప్లే బుక్స్‌లోకి అప్‌లోడ్ చేసినా అంతే. చోటు గుర్తు ఒక్కటే వెళ్ళాల్సిన చోటికి పుస్తకం మొత్తం వెళ్తుంది. ఎవరైనా ఆఫీసు డాక్యుమెంటో, మెడికల్ రిపోర్టో అదే దారిలో పంపితే అదీ అక్కడే ఉండిపోతుంది. ఇది గమనించకుండానే చాలామంది చేస్తున్న పని.

"ఎప్పుడు" అన్న మూడో వివరం దగ్గర రెండు దారులున్నాయి. అందరికన్నా ముందుకు వెళ్ళిన పేజీని నమ్మడం ఒకటి, అందరికన్నా తాజా గుర్తును నమ్మడం ఇంకొకటి. కిండిల్ మొదటి దారి పట్టింది. ఇంట్లో పిల్లవాడు సరదాగా చివరి పేజీ దాకా వేలితో తోసుకుంటూ పోతే, అన్ని పరికరాలూ చివరి పేజీకి రమ్మని పిలుస్తాయి. పుస్తకం రెండోసారి చదివేవాళ్ళదీ ఇదే బాధ. రెండో దారిలో గడియారం చిక్కు ఉంది. మెట్రో కబ్బన్ పార్కు దగ్గర సొరంగంలోకి దిగినప్పుడు సిగ్నల్ పోయి, ఫోన్ తన గుర్తును సాయంత్రం ఎప్పుడో పంపిందనుకుందాం. గుర్తు తనకు చేరిన సమయాన్నే సర్వర్ లెక్కలోకి తీసుకుంటే, మధ్యాహ్నం ఈ-రీడర్‌లో చదివిన కొత్త గుర్తును పొద్దుటి పాత గుర్తు తుడిచేస్తుంది. అందుకే "వేరే పరికరంలో ఇంకో చోట ఉన్నారు, అక్కడికి వెళ్ళాలా?" అని అడిగే యాప్ మేలు. తనంతట తానే దూకే యాప్ కన్నా అది మనిషిని గౌరవిస్తుంది.

గమనించాల్సింది ఏమిటంటే, ఈ చిక్కుల్లో ఒక్కటి కూడా చిట్టా పెట్టుకోవడానికి కారణం కాదు. ఆఖరి గుర్తు, దాని సమయం, మహా అయితే పరికరం పేరు, ఇంతటితో అన్నీ తీరతాయి.

అయితే కంపెనీలు దాచుకునేది ఇంతటితో ఆగదు. 2018 మేలో యూరప్‌లో జీడీపీఆర్ అనే వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం అమల్లోకి వచ్చాక, కంపెనీల దగ్గరున్న తమ వివరాలను అడిగి తీసుకునే పద్ధతి గట్టిపడింది. కిండిల్ వివరాలు అలా తెప్పించుకుంటే వచ్చే ఫైళ్ళలో చదివిన ఒక్కో విడత ఒక్కో వరుసగా కనిపిస్తుంది. ఎన్నింటికి మొదలుపెట్టారు, ఎన్నింటికి ముగించారు, ఏ పుస్తకం, ఎన్నిసార్లు పేజీ తిప్పారు, మొత్తం ఎంతసేపు చదివారు. ఆ ఎంతసేపన్నది మిల్లీసెకన్లలో ఉంటుంది. పేజీ గుర్తుపెట్టుకోవడానికి మిల్లీసెకన్లు ఎందుకు?

కంపెనీ వైపు జవాబు లేకపోలేదు, దాన్నీ చెప్పుకోవాలి. నెల చందా కట్టి ఎన్ని పుస్తకాలైనా చదువుకునే కిండిల్ అన్‌లిమిటెడ్‌లో, 2015 జులై నుంచి రచయితకు చదివిన పేజీల లెక్కన డబ్బు ఇస్తున్నారు. ఎవరు ఎన్ని పేజీలు చదివారో తెలియకపోతే ఆ లెక్క తేలదు, మోసాలు పట్టుకోవడమూ కుదరదు. ఇది నిజమైన కారణమే. కాకపోతే అది చందా పుస్తకాలకు వర్తిస్తుంది. సొంత డబ్బుతో కొన్న పుస్తకానికీ, సొంతంగా పంపుకున్న పీడీఎఫ్‌కూ అంత వివరం దేనికన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

చిట్టా ఎక్కడ ఉందన్నదే కాదు, అక్కడికి ఏ దారిన చేరిందన్నదీ ముఖ్యమే. 2014 అక్టోబర్‌లో అడోబ్ డిజిటల్ ఎడిషన్స్ 4 అనే ప్రోగ్రామ్, పాఠకులు ఏ పుస్తకం తెరిచారో, ఏ పేజీలు చదివారో ఎన్‌క్రిప్షన్ లేకుండా మామూలు అక్షరాల్లో తన సర్వర్లకు పంపుతోందని బయటపడింది. ప్రపంచమంతటా ఎన్నో గ్రంథాలయాలు తమ ఈ-పుస్తకాలు చదవడానికి వాడమని చెప్పిన ప్రోగ్రామ్ అది. గొడవయ్యాక అడోబ్ దాన్ని సవరించి, ఎన్‌క్రిప్షన్‌తో పంపడం మొదలుపెట్టింది. దాని అర్థం ఇక్కడి లెక్కలో చెప్పాలంటే ఇది: అప్పట్లో నలభై మంది ఒకే వైఫై వాడే పీజీలో, ఆ నెట్‌వర్క్ మీద కన్నేసి కూర్చున్న ఎవరికైనా పక్కగదివాళ్ళు ఏ పుస్తకం ఎన్నో పేజీలో ఉన్నారో చదవడం సాధ్యమయ్యేది. సవరించిన తర్వాత దారి భద్రమైంది. సర్వర్ దగ్గరికి వెళ్ళే సమాచారం అలాగే వెళ్ళింది.

చదివిన పుస్తకాల జాబితా సాక్ష్యంగా కూడా మారుతుంది. అమెరికాలోని డెన్వర్‌లో టాటర్డ్ కవర్ అనే పుస్తకాల షాపు మీదికి 2000లో పోలీసులు వారంటుతో వచ్చారు. మత్తుమందులు తయారుచేసిన ఇంటి చెత్తబుట్టలో ఆ షాపు కవరొకటి దొరికింది. అందులో వెళ్ళిన పుస్తకం ఏమిటో చెప్పమని అడిగారు. షాపు ఒప్పుకోలేదు, కోర్టుకు వెళ్ళింది. 2002లో కొలరాడో సుప్రీంకోర్టు షాపు పక్షాన తీర్పు ఇచ్చింది. కాలిఫోర్నియా ఇంకో అడుగు ముందుకేసి, పాఠకుల వివరాలు ప్రభుత్వానికి ఇవ్వాలంటే కోర్టు ఆదేశం ఉండాలని చట్టమే చేసింది. అది 2012 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆ షాపు దగ్గర ఉన్నది ఏం కొన్నారన్న లెక్క ఒక్కటే. ఏ పేజీ దగ్గర ఎంతసేపు ఆగారన్నది దాని దగ్గర లేదు. ఈ-రీడర్ చిట్టాలో అదీ ఉంటుంది.

కంపెనీల సంగతి ఇలా ఉండగా, బెంగళూరులోని తెలుగు ఇళ్ళలో చదువు రహస్యం మొదట బయటపడేది మాత్రం ఇంకా దగ్గర. ఒక ఇంట్లో అమెజాన్ అకౌంట్ ఒక్కటే ఉంటుంది. అది అక్క పెళ్ళయ్యాక బావగారి పేరున తీసుకున్నది కావచ్చు, నాన్న కార్డు పెట్టి తమ్ముడు తెరిచింది కావచ్చు. పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. చెల్లెలు వైట్‌ఫీల్డ్ పీజీలో అదే అకౌంట్‌తో పుస్తకం తెరిస్తే, ఆ పుస్తకం అట్ట నెల్లూరులో హాల్లో ఉన్న ట్యాబ్ మీద మొదటి వరుసలో ప్రత్యక్షమవుతుంది. అది వంటల పుస్తకమైతే సమస్యే లేదు. విడాకుల చట్టం గురించి, డిప్రెషన్ గురించి, సంతానం కలగకపోవడం గురించి, ఉద్యోగం మానేసి సొంతంగా ఏదైనా మొదలుపెట్టడం గురించి అయితే? ఇంకా ఎవరికీ చెప్పని నిర్ణయాన్ని ఆమె మొదట పుస్తకంతోనే చర్చిస్తుంది. ఆ చర్చ సగంలో ఉండగానే ఇంట్లోవాళ్ళు "ఏమ్మా, అంతా బానే ఉందా?" అని ఫోన్ చేసే పరిస్థితి వస్తే, ప్రేమతోనే చేసినా, ఆమె పుస్తకం మూసేస్తుంది. ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లో వరుస పెరగడం కన్నా ఈ నష్టం చాలామంది జీవితాల్లో ముందుగా తగులుతుంది. గోప్యత అనగానే కంపెనీ, ప్రభుత్వం అని మాట్లాడే వ్యాసాల్లో ఈ సంగతి దాదాపు కనిపించదు.

పుస్తకం చదవడానికి వేరే అకౌంట్ ఉండాలన్న మాట అందుకే మొదటి మాట. ఖర్చు లేదు, టెక్నాలజీ తెలియాల్సిన పనీ లేదు.

కంపెనీల నుంచి పూర్తిగా బయటకు రావాలనుకునేవాళ్ళకు కేఓరీడర్ అనే పుస్తకాలు చదివే యాప్ ఉంది. ఓపెన్ సోర్స్, డబ్బు కట్టక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో, కోబో, పాకెట్‌బుక్ లాంటి ఈ-రీడర్లలో, లాక్ తీసిన కిండిల్‌లో నడుస్తుంది. దాని సింక్ సర్వర్ తీరు పలక పద్ధతికి మంచి ఉదాహరణ. ఒక్కో పుస్తకానికి ఒక్కటే వరుస: చోటు, శాతం, పరికరం పేరు, పరికరం గుర్తింపు, సమయం. కొత్తది వస్తే పాతది పోతుంది. పుస్తకం పేరు కూడా పంపదు. ఫైల్‌లో అక్కడక్కడా కొన్ని ముక్కలు తీసుకుని, వాటినుంచి ఎండీ5 అనే లెక్కతో ఒక హ్యాష్, అంటే ఆ ముక్కలకు గుర్తుగా నిలిచే అంకె, చేసి, ఆ అంకెనే పుస్తకం పేరుగా పంపుతుంది. కావాలంటే ఫైల్ పేరునుంచి హ్యాష్ చేసేలా మార్చుకోవచ్చు.

హ్యాష్ అంటే వెనక్కి విప్పలేని ముడి, కాబట్టి ఏ పుస్తకమో సర్వర్‌కు తెలియదని చాలామంది నమ్ముతారు. ఇది సగమే నిజం. ముడి విప్పలేరు, కానీ అదే ముడి తామూ వేసి పోల్చుకోవచ్చు. ఆర్కైవ్ సైట్‌లో ఉన్న తెలుగు స్కాన్ ఫైల్‌ను ఎవరు దించుకున్నా అవే బైట్లు వస్తాయి, అదే హ్యాష్ వస్తుంది. సర్వర్ నడిపే మనిషి ఆ సైట్లోని ఫైళ్ళన్నిటికీ ముందే హ్యాష్‌లు లెక్కకట్టి పెట్టుకుంటే, ఎవరు ఏం చదువుతున్నారో పట్టిక చూసి చెప్పేయవచ్చు. అందరి దగ్గరా ఉండే ఫైల్ చదివినప్పుడు హ్యాష్ ముసుగు పల్చగా ఉంటుంది.

దీనికి ఒక తేలిక విరుగుడు ఉంది. ఫైల్ పేరు పద్ధతిని ఎంచుకుని, అన్ని పరికరాల్లోనూ ఆ ఫైల్ పేరుకు తమకు మాత్రమే తెలిసిన పొడవైన పదం ఒకటి చేర్చాలి. అప్పుడు వచ్చే హ్యాష్ ఇంకెవరి పట్టికలోనూ దొరకదు. పేరు అన్ని చోట్లా అక్షరం తేడా లేకుండా ఉండాలి, లేకపోతే సింక్ కలవదు. ఈ పద్ధతితో ఇంకో లాభం కూడా ఉంది. కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టిన క్యాలిబర్ అనే ప్రోగ్రామ్‌లో ఈ-పుస్తకాలు సర్దుకునేవాళ్ళు, ట్యాబ్‌కు పంపేటప్పుడు రచయిత పేరో అట్టబొమ్మో సవరిస్తుంటారు. దాంతో ఫైల్ మారి, ఫైల్‌లోని ముక్కలతో చేసిన హ్యాష్ కూడా మారి, "సింక్ ఎందుకో పనిచేయడం లేదు" అని తల పట్టుకుంటారు. పేరు పద్ధతిలో ఆ టెన్షన్ ఉండదు.

సొంత సర్వర్ పెట్టుకుంటే? బెంగళూరులో ఐటీ ఉద్యోగుల గుంపుల్లో ఇది ఇష్టమైన జవాబు. నెలనెలా కొద్ది డబ్బుకు అద్దె సర్వర్ తీసుకునో, ఇంట్లో రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టుకునో నడిపించవచ్చు. ఒక్కరికోసమే అయితే ఇంతకన్నా మంచిది లేదు. ఫ్రెండ్స్ అయిదారుగురు కలిసి వాడటం మొదలుపెట్టగానే లెక్క మారుతుంది. కంపెనీకి మీరు కోట్లమందిలో ఒకరు. ఫ్రెండ్‌కు మీరు మీరే. అతను మంచివాడైనా, చూడాలని అనుకోకపోయినా, సర్వర్ లాగ్‌లో సమయాలు, ఐపీ అడ్రసులు కనిపిస్తాయి. ఎవరు అర్ధరాత్రి రెండింటికి మేలుకుని ఉన్నారో, ఎవరు సెలవు పెట్టి ఊళ్ళో ఉన్నారో చెప్పకుండానే తెలుస్తుంది. పైగా దారిలో ఎన్‌క్రిప్షన్ ఉండేలా చేసే హెచ్‌టీటీపీఎస్ పెట్టకుండా వదిలేస్తే 2014 నాటి అడోబ్ తప్పే మళ్ళీ ఇంట్లో జరుగుతుంది. యాప్ వైపు కూడా ఒక జాగ్రత్త ఉంది. ప్రతి కొన్ని పేజీలకూ సింక్ చేయమని పెట్టుకుంటే గమనించేవాళ్ళకు చదువు వేగమంతా దొరుకుతుంది. పుస్తకం తెరిచినప్పుడు, మూసినప్పుడు మాత్రమే సింక్ అయితే సౌకర్యంలో పెద్ద తేడా రాదు, జాడ మాత్రం బాగా తగ్గుతుంది.

సర్వరే వద్దనుకుంటే సింక్‌థింగ్ అనే ప్రోగ్రామ్ ఉంది. రెండు పరికరాలు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, పుస్తకం పక్కనే ఉన్న గుర్తుల ఫోల్డర్‌ను ఇటునుంచి అటు చేరవేసుకుంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్, ఆండ్రాయిడ్ ట్యాబ్ మధ్య చక్కగా నడుస్తుంది. రెండూ ఒకేసారి ఆన్‌లో ఉండాలన్నదే ఇబ్బంది.

చట్టం సంగతికి వస్తే, గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పిన కేసు బెంగళూరుకు చెందిన మనిషి పేరుతోనే ఉంది. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి 2012లో, ఎనభై దాటిన వయసులో ఆధార్ మీద ఆ పిటిషన్ వేశారు. ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో దాని నియమాలు వచ్చాయి. కంపెనీల అసలు బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. చదువు చిట్టాకు ఈ చట్టం విడిగా ఏ రక్షణా ఇవ్వలేదు. ఆరోగ్యం, నమ్మకాలు లాంటి సున్నితమైన వివరాలకు వేరే తరగతే పెట్టలేదు. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే వీలూ ఉంచింది. పనికొచ్చే అంశాలు మాత్రం ఉన్నాయి, ఆ గడువు ముగిశాక అవి అమలవుతాయి. తమ వివరాల సారాంశం అడగవచ్చు, తుడిచేయమనవచ్చు. అనుమతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా చూసుకునే వీలు కల్పించాలి, అంటే తెలుగులో కూడా. 18 ఏళ్ళలోపు పిల్లల ప్రవర్తనను ట్రాక్ చేయకూడదు. బడిపిల్లాడు తన ట్యాబ్‌లో ఏ కథ ఎన్నిసార్లు చదివాడో పోగుచేసే యాప్‌లను ఈ అంశంతో గట్టిగా ప్రశ్నించవచ్చు. సొంత అవసరానికీ ఇంటి అవసరానికీ ఎవరైనా నడుపుకునే సర్వర్ ఈ చట్టం పరిధిలోకి రాదు. ఫ్రెండ్ నడిపే సర్వర్ విషయంలో ఉన్నది నమ్మకమే తప్ప చట్టం కాదని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

పరికరాలు చేతులు మారే సమయం దగ్గర ఎక్కువమంది పొరపాటు పడతారు. కొత్తది కొన్నాక పాత ఈ-రీడర్‌ను ఊళ్ళో మేనకోడలికి ఇవ్వడం, పీజీ ఖాళీ చేస్తూ రూమ్‌మేట్‌కు అమ్మేయడం ఇక్కడ మామూలే. అకౌంట్ తీయకుండా ఇస్తే, ఆ పరికరం ఇంకా పాత మనిషి పేరుమీదే మాట్లాడుతుంది. మేనకోడలు తిప్పే పేజీలు ఇక్కడి చిట్టాలో పడతాయి, ఇక్కడ చదివే పుస్తకాలు ఆమె తెర మీద కనిపిస్తాయి. ఇచ్చేముందు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అకౌంట్ డీరిజిస్టర్ చేసి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాలి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, కంప్యూటర్‌లో అకౌంట్ తెరిచి పరికరాల జాబితాలోంచి దాన్ని తీసేయవచ్చు. ఆ జాబితా తెరిచి చూస్తే, ఎప్పుడో మర్చిపోయిన ఫోన్లు కూడా ఒకటో రెండో అక్కడ కనిపించవచ్చు.